అరిగింది ఎక్కడికి పోయింది?

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నది బ్రేకు లైనర్లు కొట్టే షాపు. లారీ చక్రం ఊడదీసి, డ్రమ్ము పక్కకి దొర్లించి, దాన్ని ఒరుసుకుని అరిగిపోయిన లైనరు అనే పట్టీని బ్రేకు షూ మీద నుంచి పీకేసి, కొత్తది పెట్టి రివెట్లు కొట్టడం ఆయన పని. దాదాపు నలభై ఏళ్లు అదే చేశారు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం క్యారేజీ నేనే తీసుకెళ్లేవాణ్ని. డ్రమ్ము విప్పగానే లోపల గుప్పెడు నల్లటి పొడి ఉండేది. షాపులో పనిచేసే కుర్రాడు కంప్రెసర్ పైపు తెచ్చి దాని మీద గాలి కొట్టేవాడు. బుస్సుమని మబ్బులా లేచేది. ఆ మబ్బు పూర్తిగా దిగకముందే నాన్న అక్కడే గొంతుక్కూర్చుని పని మొదలుపెట్టేవారు. సాయంత్రం ఇంటికొచ్చి ముక్కు చీదితే రుమాలు మీద నల్లగా పడేది. మా ఇంట్లో అది రోజూ కనిపించేదే కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు.

ఒకరోజు కొత్త లైనరూ పాతదీ రెండు చేతుల్లో పట్టుకుని అడిగాను. ఇది ఇంత మందం ఉంది, అది అట్టముక్కలా అయిపోయింది, మిగతాది ఎక్కడికి పోయింది నాన్నా అని.

"అరిగిపోయిందిరా."

"అరిగి ఎక్కడికి పోయింది?"

"రోడ్డు మీదికి, గాల్లోకి. ఎక్కడికో అక్కడికి పోతుంది. అన్నం చల్లారిపోతోంది, గిన్నెలు తియ్యి."

ముప్ఫై ఏళ్లు దాటాయి. వాహన కాలుష్యం గురించి మన దేశంలో ఎవరు మాట్లాడినా నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది. పొగ గురించి చాలా మాట్లాడుకున్నాం, చట్టాలు చేసుకున్నాం, ఫలితం కూడా చూశాం. అరిగింది ఎక్కడికి పోయిందన్నది మాత్రం అడగలేదు. ఇప్పటికైనా అడగాలని, దానికి కూడా కొలత, పరిమితి, చట్టం కావాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోయిన ఏడాది హైదరాబాద్‌లో నా కారుకి టైర్లు మార్పించాను. కొత్త కారు టైరు మీద గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 1.6 మిల్లీమీటర్లకి దిగితే ఇక ఆ టైరు రోడ్డు మీద తిరగకూడదు. షాపతన్ని అడిగి పాత టైరునీ కొత్త టైరునీ కాటా మీద పెట్టించాను. ఒక్కోదానికి కిలోకి పైనే తేడా వచ్చింది. అంటే నాలుగేళ్లలో నేనొక్కణ్ణే నాలుగు కిలోలకు పైగా రబ్బరు పొడిని ఇంటికీ ఆఫీసుకీ మధ్య చల్లుకుంటూ తిరిగాను. 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇదే లెక్కను దేశాల వారీగా వేశారు. ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 0.81 కిలోల టైరు అరుగుతోంది. అమెరికాలో మనిషికి 4.7 కిలోలు, మన దేశంలో 0.23 కిలోలు. మనది తక్కువే కదా అనిపిస్తుంది. కానీ అది కారున్నవాళ్లనీ లేనివాళ్లనీ కలిపి తీసిన సగటు. ఊళ్లో ఒక్క వాహనమూ లేని ముసలమ్మ పేరు మీద కూడా ఆ పావుకిలో రాశారు. అసలు అరగదీసేది మనలాంటి వాళ్లం.

ఆ పొడి కేవలం రబ్బరు కూడా కాదు. చెట్టు నుంచి తీసిన రబ్బరు, పెట్రోలియం నుంచి చేసిన రబ్బరు, టైరుకి నలుపునిచ్చే కార్బన్ బ్లాక్, సిలికా, జింక్ ఆక్సైడ్, గంధకం, నూనెలు, ఇంకా పేర్లు బయటపెట్టని ఎన్నో రసాయనాలు కలిస్తే టైరు. రోడ్డు మీద రాలేది ఆ మొత్తం మిశ్రమం, పైగా దానికి రోడ్డు పొడి కూడా అంటుకుని ఉంటుంది.

ఇక పొగ సంగతి. పెట్రోలు బంకు పక్కన వ్యాన్‌లో ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్ మనందరికీ తెలుసు. అక్కడ పెట్రోలు బండి అయితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిలు బండి అయితే పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. అన్నీ సైలెన్సర్ గొట్టం చివర కొలిచేవే. నాలుగు చక్రాల దగ్గర ఏం జరుగుతోందో చూసే పరీక్ష ఒక్కటీ లేదు. గొట్టం మీద పెట్టిన శ్రద్ధ వృథా కాలేదు, అది ఒప్పుకోవాలి. ప్రభుత్వం పెట్టిన పొగ ప్రమాణాల్లో బీఎస్-4 కాలంలో డీజిలు కారు గొట్టం నుంచి కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల కణాలు రావచ్చు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక అది 4.5 మిల్లీగ్రాములకి దిగింది. లారీ వెనకాల స్కూటర్ మీద వెళ్తూ నల్లపొగ మింగిన తరం మనది. ఆ తేడా మనకి తెలుసు.

కానీ గొట్టం శుభ్రపడిన కొద్దీ మిగతాది పైకి తేలుతుంది. బ్రిటన్ ప్రభుత్వానికి గాలి నాణ్యత మీద సలహాలిచ్చే నిపుణుల బృందం 2019లో ఒక నివేదిక ఇచ్చింది. రోడ్డు వాహనాల వల్ల నేరుగా వచ్చే పీఎం 2.5 కణాల్లో (మిల్లీమీటరులో నాలుగు వందల వంతు కంటే సన్నవి) 60 శాతం, పీఎం 10 కణాల్లో (మిల్లీమీటరులో వందో వంతు కంటే సన్నవి) 73 శాతం పొగ గొట్టం నుంచి వచ్చేవి కావని, బ్రేకులూ టైర్లూ రోడ్డూ అరిగి వచ్చేవని అందులో తేల్చారు. అవి 2016 నాటి లెక్కలు. అప్పటికే ఆ దేశంలో పొగ కంటే అరుగుదల పెద్దదైపోయింది.

దీన్ని చట్టంలోకి ముందుగా తెచ్చింది యూరప్. 2024లో ఆమోదించిన యూరో-7 నిబంధనల్లో మొదటిసారి బ్రేకు దుమ్ముకి పరిమితి పెట్టారు. 2026 నవంబరు 29 నుంచి కొత్తగా అనుమతి తీసుకునే మోడళ్లలో, ఇంజను ఉన్న మామూలు కారు బ్రేకుల నుంచి కిలోమీటరుకి 7 మిల్లీగ్రాములకు మించి పీఎం 10 రాకూడదు. పూర్తి బ్యాటరీ కారుకైతే 3 మిల్లీగ్రాములే. ఈ 7ని పైన చెప్పిన 4.5 పక్కన పెట్టి చూడండి. ఎంతో కఠినమని చెప్పుకునే కొత్త చట్టం కూడా, డీజిలు గొట్టానికి ఇచ్చినదాని కంటే బ్రేకులకి ఎక్కువే వదిలింది. అంతకంటే తక్కువ పెడితే చాలా బండ్లు పాసవ్వవు. ఇన్నాళ్లూ ఎవరూ కొలవని చోట ఎంత పేరుకుందో చెప్పడానికి నాకు ఈ రెండు అంకెలు చాలు.

బ్రేకు దుమ్ము ఎందుకంత ముఖ్యమో చెబుతాను. బండి ఆపడమంటే పరుగెత్తే బరువులోని శక్తినంతా రాపిడితో వేడిగా మార్చడం. ఇనుప డిస్కు మీద ప్యాడు ఒరుసుకున్నప్పుడు రెండూ అరుగుతాయి. అందుకే ఆ దుమ్ములో ఇనుము ఎక్కువ. దానితో పాటు రాగి, యాంటిమొని, బేరియం ఉంటాయి. టైరు పొడి చాలావరకు కాస్త పెద్ద ముక్కలుగా రోడ్డు మీదే పడుతుంది, గాల్లో తేలే భాగం తక్కువ. బ్రేకు దుమ్ము అలా కాదు. అందులో సగం దాకా గాల్లో తేలేంత సన్నగా ఉంటుంది. ప్యాడు బాగా వేడెక్కితే కంటికి ఆననంత సూక్ష్మంగా కూడా వస్తుంది. మనిషి ముక్కూ గొంతూ ఆపలేనివి అవే.

ఇది ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ల్యాబుల్లో చూశారు. 2020 మొదట్లో లండన్ పరిశోధకులు, రోగక్రిముల్ని మింగి మనల్ని కాపాడే రక్షణ కణాల మీద బ్రేకు దుమ్మునీ డీజిలు పొగ కణాలనీ విడివిడిగా వేసి చూశారు. రెండూ దాదాపు ఒకేలా దెబ్బకొట్టాయి. 2025లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు నాలుగు రకాల బ్రేకు ప్యాడ్ల దుమ్మును ఊపిరితిత్తి కణాల మీద పరీక్షించారు. వాటిలో ఎక్కువ హాని చేసింది ఆస్బెస్టాస్ లేని ఆర్గానిక్ రకం, కారణం అందులోని రాగి అని తేలింది. డీజిలు పొగ కణాల కంటే కూడా అది ఎక్కువ హాని చేసింది. ఇవి గాజు పాత్రలో కణాల మీద చేసిన ప్రయోగాలు. బతికున్న మనిషిలో ఇంతే జరుగుతుందని వీటిని బట్టి చెప్పేయలేం. అయినా ఆ రెండో ఫలితం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆస్బెస్టాస్ ప్రమాదమని తెలిసి దాన్ని తీసేసి పెట్టుకున్న వస్తువు అది. నాన్న షాపులో ఆస్బెస్టాస్ లైనర్లు ఎన్నో ఏళ్లు వాడారు. తర్వాత కొత్త రకం వచ్చిందని, ఇక భయం లేదని అందరం అనుకున్నాం.

ఇక్కడ మన దగ్గర ఉన్న ఒక ప్రత్యేక పరిస్థితి గురించి చెప్పాలి. మన స్కూటర్లలో, ఆటోల్లో, లారీల్లో, పాత బస్సుల్లో ఎక్కువగా ఉండేవి డ్రమ్ము బ్రేకులు. డిస్కు బ్రేకు బయటకి తెరిచి ఉంటుంది కాబట్టి దుమ్ము ఎప్పటికప్పుడు రోడ్డు మీదికి పోతుంది. డ్రమ్ము మూసి ఉంటుంది. దుమ్ము చాలావరకు లోపలే నిలుస్తుంది. యూరప్‌లో కొన్ని ఎలక్ట్రిక్ కార్లకి వెనక చక్రాలకి మళ్లీ డ్రమ్ములు పెడుతున్నారు, దుమ్ము తక్కువ రావడం కూడా దాని లాభాల్లో ఒకటి. రోడ్డుకి అది మంచిదే. కానీ ఆరు నెలలకో ఏడాదికో ఎవరో ఒకరు ఆ డ్రమ్ము విప్పాలి కదా. లక్షల బండ్ల దుమ్మును ఊరంతా పీల్చకుండా ఆపి, చివరికి మెకానిక్కుల ముఖాల మీద పోస్తున్నాం. ఆటోనగర్‌లో, ప్రతి ఊరి బస్టాండు పక్క షెడ్డులో, కంప్రెసర్ పైపు పట్టుకున్న కుర్రాడు ఆ పని ఇప్పటికీ చేస్తూనే ఉన్నాడు.

నీళ్ల సంగతి నాకు సియాటెల్‌లో అర్థమైంది. మా చెల్లి కుటుంబం ఆ ఊరి పక్కనే బాథెల్‌లో ఉంటుంది. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఒక నవంబరులో నేను వెళ్లినప్పుడు వాన పడుతూనే ఉంది. "అన్నయ్యా, నీకు ఒకటి చూపించాలి, స్వెట్టర్ వేసుకో" అని వెస్ట్ సియాటెల్‌లో లాంగ్‌ఫెలో క్రీక్ అనే చిన్న వాగు దగ్గరికి తీసుకెళ్లింది. మన పంట బోదె అంత వెడల్పు ఉంటుందేమో. చుట్టూ ఇళ్లు, పైన రోడ్లు. అందులో ఒక పెద్ద చేప, మోచేయి నుంచి వేళ్ల దాకా ఉంటుంది, నీటి పైకొచ్చి నోరు తెరుస్తూ గుండ్రంగా తిరుగుతోంది. దానికి ఏ పక్కకి పోవాలో తెలియట్లేదు. మేం చూస్తుండగానే ఒక పక్కకి ఒరిగిపోయింది. చనిపోయిన చేపల్ని లెక్కపెట్టడానికి వచ్చిన ఒకావిడ ఇంకో చేప పొట్ట కోసి చూపించింది. నిండా గుడ్లు. నారింజ రంగులో, ఒక్కటి కూడా బయటకి రాలేదు.

కోహో సాల్మన్ వాగులో పుట్టి, సముద్రానికి వెళ్లి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ తాను పుట్టిన వాగుకే ఎదురీదుతూ వస్తుంది. గోదావరి జిల్లాల వాళ్లకి దీన్ని వివరించి చెప్పక్కర్లేదు. సముద్రంలో ఇలసగా ఉన్న చేప వరద గోదారి ఎర్రనీళ్లకి ఎదురీదితే పులస అవుతుంది. మా అమ్మమ్మది రాజోలు. ఏటి ఎదురు వచ్చిన చేపను చూస్తే ఆమెకి ఒక రకమైన గౌరవం ఉండేది. అంత దూరం ఈదుకొచ్చి, ఇక గుడ్లు పెట్టడమే మిగిలిన సమయంలో చచ్చిపోవడం చూస్తే ఆమె ఏమనేదో అనిపించింది నాకు ఆ వాగు ఒడ్డున.

సియాటెల్ వాళ్లు ఆ వాగుల్ని ఇరవై ఏళ్ల కిందటే బాగుచేసుకున్నారు. చెత్త తీశారు, చెట్లు నాటారు, చేపలు రావడానికి దారి ఇచ్చారు. కోహోలు వచ్చాయి. వచ్చిన కొన్ని గంటల్లోనే చచ్చిపోయాయి. ఊరి మధ్య వాగుల్లో 40 నుంచి 90 శాతం దాకా గుడ్లు పెట్టకుండానే పోయేవి. పురుగుమందులా అని చూశారు, కాదు. లోహాలా, నీటి వేడా, రోగమా, ఏదీ కాదు. పెద్ద వాన పడి రోడ్డు నీళ్లు వాగులోకి దిగినప్పుడే చస్తున్నాయన్నది ఒక్కటే తేలింది. చివరికి వాషింగ్టన్ రాష్ట్రంలోని రెండు విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు టైరు తురుమును నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలోని రెండు వేలకు పైగా రసాయనాల్ని భాగాలుగా విడదీసుకుంటూ, ఒక్కో భాగాన్నీ చేపల మీద పరీక్షించుకుంటూ వచ్చారు. జెన్యూ టియన్ అనే యువ శాస్త్రవేత్త చివరికి ఒకే ఒక్క పదార్థం దగ్గరికి చేరారు. అది టైరు తయారీదార్లు వాడే ఏ రసాయనాల జాబితాలోనూ లేదు.

ఎందుకంటే దాన్ని ఎవరూ టైరులో కలపలేదు. కలిపింది 6పీపీడీ అనే ఇంకో రసాయనం. గాల్లోని ఓజోన్ తగిలితే రబ్బరు పగుళ్లిస్తుంది. ఆ ఓజోన్‌ను రబ్బరుకి ముందే అడ్డుకుని తాను మారిపోవడమే 6పీపీడీ పని. 1960ల నుంచి ప్రపంచంలో దాదాపు ప్రతి టైరులోనూ ఉంది. టైరు పగిలి మనం చావకుండా కాపాడుతోంది, అది నిజం. కానీ ఓజోన్‌తో కలిసినప్పుడు రెండు హైడ్రోజన్ పరమాణువులు పోగొట్టుకుని, రెండు ఆక్సిజన్ పరమాణువులు తెచ్చుకుని, 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. కోహోని చంపుతున్నది అదే. 2020 డిసెంబరులో సైన్స్ పత్రికలో ఈ ఫలితం వచ్చింది. ఒక లీటరు నీటిలో ఒక గ్రాములో కోటో వంతు కలిసినా సగం చేపలు చచ్చిపోతాయని తర్వాత లెక్క సరిచేశారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. అన్ని చేపలూ ఇలా చావవు. అదే నీటిలో చమ్ సాల్మన్ హాయిగా ఈదుతుంది. కాబట్టి ఇది చదివి రేపు పులస తగ్గడానికి టైర్లే కారణమని ఎవరూ రాయొద్దు. గోదావరికి అడ్డంగా ఆనకట్ట ఉంది, సముద్ర ముఖంలో వలలున్నాయి, వేరే కారణాలు చాలానే ఉన్నాయి. నేను అనేది వేరు. ఆ చేప ఊరి మధ్యలో, జనం కళ్ల ముందు, లెక్కపెట్టగలిగేలా చచ్చింది కాబట్టి దొరికింది. లేకపోతే అరవై ఏళ్లుగా ప్రతి రోడ్డు మీదా రాలుతున్న పదార్థం పేరు కూడా ఈ రోజుకీ తెలిసేది కాదు. తక్కిన రసాయనాల సంగతి ఎవరు అడుగుతున్నారు? మన మూసీలోకి, హుస్సేన్ సాగర్‌లోకి, బందరు కాలువలోకి తొలకరి వానతో దిగే రోడ్డు నీళ్లను ఎవరు పట్టి చూస్తున్నారు?

ఆ కథలో నాకు ధైర్యం ఇచ్చిన భాగం కూడా ఉంది. కారణం దొరకడానికి చాలా ముందే, 2015లో, జెన్ మెకింటైర్ అనే శాస్త్రవేత్త బృందం ఒక తేలిక పని చేసి చూపించింది. కోహోని చంపే రోడ్డు నీటిని ఇసుక, ఎరువు, చెట్టు బెరడు కలిపిన మట్టి గుండా వడకట్టి వదిలితే చేపలు బతికాయి. ఇప్పుడు సియాటెల్‌లో రోడ్ల పక్కన మొక్కలతో నింపిన గుంటలు కనిపిస్తాయి, వాననీరు వాటి గుండా ఇంకి వెళ్తుంది. మన చెరువుల చుట్టూ కాంక్రీటు వాకింగ్ ట్రాకులకి పెట్టే ఖర్చులో కొంత ఇలాంటి గుంటలకి పెట్టొచ్చు. తూము దగ్గర రెల్లు, తుంగ పెరిగిన పాత చెరువులు ఇలాంటి పనే చేసేవేమో. మనం వాటిని పీకి అంచు కట్టాం.

2023 ఆగస్టులో యూరోక్, పోర్ట్ గాంబుల్ స్కల్లాం, పుయాలప్ అనే మూడు ఆదివాసీ తెగలు 6పీపీడీని నియంత్రించాలని అమెరికా పర్యావరణ సంస్థకి అర్జీ పెట్టుకున్నాయి. మూడు నెలల్లో ఆ సంస్థ ఒప్పుకుని నిబంధనల పని మొదలుపెట్టింది. ఈ చేపని పట్టుకునే హక్కును ఒప్పందాల మీద రాయించుకున్న తెగలు అందులో ఉన్నాయి. హక్కు కాగితం మీద ఉంది, చేప వాగులో లేదు. అందుకే ముందు వాళ్లే కదిలారు.

ఇక ఎలక్ట్రిక్ వాహనాల సంగతికి వద్దాం, ఎందుకంటే ఈ విషయం ఎత్తగానే సగం మంది అటే లాక్కుపోతారు. "ఎలక్ట్రిక్ కారు బరువెక్కువ, టైర్లు ఎక్కువ అరుగుతాయి, కాబట్టి పెట్రోలు కారే నయం" అని ఒక వాదన మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నెలకోసారి వస్తుంది. టైరు కణాలు పొగ కణాల కంటే వెయ్యి రెట్లు ఎక్కువన్న మాట కూడా దానితో వస్తుంది. ఆ వెయ్యి రెట్లు అన్నది, టైర్ల నుంచి రాలిన మొత్తం బరువును, నేల మీద పడిపోయే పెద్ద ముక్కల్ని కూడా కలిపి, పొగ గొట్టం నుంచి వచ్చే సన్న కణాల పరిమితితో పోల్చడం వల్ల వచ్చింది. పప్పునీ పిండినీ ఒకే కొలతలో పెట్టడం లాంటిది. ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ అనే సంస్థ 2020లో వేసిన లెక్క ఇంకా నిదానంగా ఉంది. చిన్న బ్యాటరీ ఉన్న తేలిక ఎలక్ట్రిక్ కారు, పొగ కాని పీఎం 2.5ని మామూలు కారు కంటే 11 నుంచి 13 శాతం తక్కువ వదులుతుంది. పెద్ద బ్యాటరీతో బరువెక్కిన కారు 3 నుంచి 8 శాతం ఎక్కువ వదులుతుంది. మోటారే వేగం తగ్గించి కరెంటును వెనక్కి తీసుకుంటుంది కాబట్టి బ్రేకు అరుగుదల బాగా తగ్గుతుంది. టైరు మీద మాత్రం బరువు పడుతుంది. గొట్టం పొగ రెండింటిలోనూ సున్నా.

అంటే తేడా తెచ్చేది ప్రధానంగా బరువు. ఎలక్ట్రిక్ అన్న మాట ఒక్కటే దీన్ని పరిష్కరించదు, అలాగని దాన్ని తిట్టడానికి టైరు దుమ్మును వాడుకోవడం అన్యాయం. ఎలక్ట్రిక్ స్కూటరు, ఎలక్ట్రిక్ ఆటో, ఎలక్ట్రిక్ బస్సు రావడం మన ఊళ్లకి చాలా మంచిది. పచ్చ నంబరు ప్లేటు పెట్టుకున్న రెండు టన్నుల కారు తనది జీరో పొల్యూషన్ అని చెప్పుకుంటే మాత్రం ఒప్పుకోలేను. 2023-24లో మన దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో దాదాపు 60 శాతం ఎస్‌యూవీల లాంటి పెద్ద బండ్లే. ఒక్క మనిషి ఆఫీసుకి వెళ్లడానికి టన్నున్నర ఇనుము కదులుతోంది, ఆగుతోంది, మళ్లీ కదులుతోంది.

ఫ్రాన్స్‌లో 2022 నుంచి బరువైన కార్లకి కిలోల లెక్కన పన్ను ఉంది. పారిస్ జనం 2024 ఫిబ్రవరిలో ఓటేసి, బయటి నుంచి వచ్చే బరువైన కార్లకి పార్కింగు రుసుము మూడింతలు చేయించారు. పెట్రోలు కారైతే 1.6 టన్నులు, ఎలక్ట్రిక్ అయితే 2 టన్నులు దాటితే కట్టాలి. ఆ తేడా నాకు నచ్చింది. ఎలక్ట్రిక్‌కి కాస్త వెసులుబాటు ఇచ్చారు, పూర్తిగా వదిలేయలేదు. మన రెండు రాష్ట్రాల్లో లైఫ్ ట్యాక్సు కారు ధర మీద వేస్తారు. ధరతో పాటు బరువు కూడా చూస్తే ఏమవుతుంది? ఆర్సీలో బరువు ఎలాగూ రాసే ఉంటుంది.

బరువు తర్వాత అసలు విషయం బ్రేకు ఎన్నిసార్లు తొక్కుతున్నామన్నది. మా కాలనీ మెయిన్ రోడ్డు మీద కిలోమీటరు దూరంలో పదకొండు స్పీడ్ బ్రేకర్లున్నాయి, ఒకసారి నడుస్తూ లెక్కపెట్టాను. ప్రతిదాని దగ్గరా ప్రతి బండీ బ్రేకు తొక్కి, దాటగానే ఎక్సలేటరు తొక్కుతుంది. ఆ పక్కనే బడ్డీ కొట్లు, స్కూలు గేటు. వేగం తగ్గించాలంటే రోడ్డును సన్నం చేయొచ్చు, మలుపు ఇవ్వొచ్చు. గుట్ట పోసి వదిలేయడం తేలిక కాబట్టి అదే చేస్తున్నాం. తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డు మీద దిగి అలిపిరి చేరేసరికి కొన్ని బండ్ల దగ్గర వచ్చే కాలిన వాసన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వాసన బ్రేకు ప్యాడ్లదే. నాన్న మమ్మల్ని కొండకి తీసుకెళ్లినప్పుడు డ్రైవరు పక్కన కూర్చుని "గేర్లో దించు బాబూ, బ్రేకు మీద దించకు" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పేవారు. లైనర్లు కొట్టి బతికే మనిషి, లైనర్లు అరగకుండా బండి ఎలా దించాలో చెప్పేవారు.

ప్రభుత్వం దుమ్ము మీద ఖర్చు చేయట్లేదా అంటే, చేస్తోంది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖతో సహా మన ఊళ్లు చాలా అందులో ఉన్నాయి. ఢిల్లీలోని సీఎస్ఈ అనే పర్యావరణ పరిశోధనా సంస్థ 2024లో చూసిన లెక్క ప్రకారం, ఆ కార్యక్రమంలో పెట్టిన డబ్బులో 64 శాతం రోడ్డు దుమ్ము మీదే పోయింది. నీళ్లు చల్లే లారీలు, ఊడ్చే యంత్రాలు, రోడ్డు అంచులకి సిమెంటు. నేను వాటిని వద్దనను. ఢిల్లీలో ఐఐటీ కాన్పూర్ 2016లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం పీఎం 10లో 56 శాతం రోడ్డు దుమ్మే. ఊడవాల్సిందే. కానీ రోడ్డు దుమ్ము అని ఒకే పేరు పెట్టేసరికి అది ఎవరిదీ కాకుండా పోయింది. అందులో మట్టి ఉంది, సిమెంటు ఉంది, వాటితో పాటు నా టైరూ మీ బ్రేకూ ఉన్నాయి. ఎంతెంత ఉన్నాయో మన ఊళ్లలో విడదీసి చెప్పే అధ్యయనాలు కావాలి. ఊడ్చే యంత్రానికి పెట్టే డబ్బులో చిన్న వాటా చాలు.

యూరప్ బ్రేకు పరీక్ష విధానం ఐక్యరాజ్యసమితి పద్ధతిగా సిద్ధంగా ఉంది. టైరు ఎంత త్వరగా అరుగుతుందో కొలిచే పరీక్ష కూడా వచ్చింది, కార్ల టైర్లకి 2028 నుంచి అక్కడ పరిమితి అమలు కావాలి. మన తర్వాతి ఉద్గార ప్రమాణాల్లో ఈ రెండూ ఉండాలి. అదీ కార్లకే ఆగకూడదు. మన రోడ్లను నింపేవి బైకులు, ఆటోలు. వాటికి సరిపోయే పరీక్ష యూరప్ తయారుచేసి పెట్టదు, మనమే చేసుకోవాలి. మన దగ్గర వాహన పరిశోధనా సంస్థలున్నాయి, ఐఐటీలున్నాయి, ప్రపంచంలోనే ఎక్కువ ద్విచక్ర వాహనాలు తయారుచేసే కంపెనీలున్నాయి. టైరు కంపెనీలు లోపల ఏం కలుపుతున్నాయో చెప్పాలని కూడా చట్టం అడగాలి.

అంతకంటే ముందు, రేపే చేయగలిగేది ఒకటుంది. డ్రమ్ము మీద గాలి కొట్టడం ఆపించాలి. తడి గుడ్డతోనో తడి బ్రష్షుతోనో తుడిస్తే ఆ మబ్బు లేవదు. మాస్కు ఇవ్వాలి, లైనరు అట్టపెట్టె మీద ఆస్బెస్టాస్ ఉందో లేదో తెలుగులో పెద్దగా రాయించాలి. మన దేశంలో ఆస్బెస్టాస్ వాడకం మీద ఇప్పటికీ పూర్తి నిషేధం లేదు. కార్మిక శాఖ ఏనాడైనా ఆటోనగర్ షెడ్డులోకి వచ్చి కుర్రాళ్ల ఊపిరి పరీక్ష చేసిందా అని నాన్నని అడిగితే, తన కాలంలో ఎప్పుడూ చూడలేదన్నారు.

షాపు ఇప్పుడు బాబాయి కొడుకు నడుపుతున్నాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక ప్లాస్టిక్ టబ్బు, రెండు పెద్ద బ్రష్షులు, కాస్త సబ్బు పొడి కొనుక్కుని వెళ్లాను. కంప్రెసర్ పైపు పక్కన పెట్టించి, డ్రమ్ము కింద టబ్బు పెట్టి, తడిపి తోమి చూపించాను. మొదట కుర్రాళ్లు లేటవుతుందన్నారు. రెండు చక్రాలు అయ్యాక ఒకడు "దగ్గు రాలేదన్నా" అన్నాడు. నాన్న కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ఆయనకి డెబ్బై దాటాయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. పని అయ్యాక లేచి వచ్చి టబ్బులోకి తొంగి చూశారు. తారులా ఉన్నాయి నీళ్లు. షాపు ముందు కాలువ ఉంది, అది వెళ్లి పెద్ద కాలువలో కలుస్తుంది.

"ఈ నీళ్లు ఎక్కడ పొయ్యమంటావురా?" అని అడిగారు.

నా దగ్గర సమాధానం లేదు. ప్రస్తుతానికి ఇసుక నింపిన పాత డ్రమ్ములో పోయిస్తున్నాం. మూడు నెలలకి ఆ ఇసుక నిండుతుంది. దాన్ని ఎక్కడికి పంపాలో చెప్పమని కాలుష్య నియంత్రణ మండలికి నాన్న పేరు మీద ఒక అర్జీ రాసి పెట్టాం.